మూత

ద్రాక్షతోట తవ్వుతుంటే
రాడిసావ్ పారకి తగిలింది.
ఆకుపచ్చ కిలుం పట్టిన కంచు రేకు,
గుండ్రంగా కత్తిరించిన అంచు,
నడిమధ్య పిడి ఊడిన చిల్లు.
"ఏదో గిన్నె మూత" అని
మా చిన్న మ్యూజియం బల్ల మీద పెట్టి,
పక్కనే కాగితంలో చుట్టిన రెండు చేపలు పెట్టి
వెళ్ళిపోయాడు.

మెత్తటి కుంచె, ముళ్ళపంది ముల్లు,
మూడు వారాలు.
మసి కింద నుంచి అక్షరాలు
చీమల బారులా బయటికొచ్చాయి.

మూత కాదిది.
ఇరవై అయిదేళ్ళు సైన్యంలో చేసినవాడికి
చక్రవర్తి ఇచ్చిన విడుదల పత్రం.
ఇకమీదట ఇతను రోము పౌరుడు,
ఇతని పెళ్ళి పెళ్ళే, ఇతని బిడ్డలు బిడ్డలే అని
కంచు మీద చెక్కి ఇచ్చిన మాట.

ఎవరికి?
కత్తెర సరిగ్గా అక్కడే తిరిగింది.
"బితుస్ కొడుకు" అని ఉంది, అంటే తండ్రి మిగిలాడు.
భార్య జియా మిగిలింది.
వెనకవైపు ఏడుగురు సాక్షులు,
రోములో కూర్చుని ముద్రలు వేసినవాళ్ళు,
అతని ముఖం ఎన్నడూ చూడనివాళ్ళు,
ఏడుగురూ పొల్లు పోకుండా మిగిలారు.
అతనొక్కడే లేడు.

పాతికేళ్ళు ఏం చేసి ఉంటాడు?
కథల్లో సైనికుడు గెలుస్తాడు, లేదా చస్తాడు.
ఇతను కాపలా కాశాడు.
ఎనిమిదిమందికి ఒక గుడారం, ఒక తిరగలి,
ఆ తిరగలి ఇవాళ ఎవరి వంతన్న తగువు.
జీతంలో గడ్డికి, బూట్లకి, పండగ విందుకి కోత పడితే
గుమాస్తాని తిట్టుకున్నాడు.
పులిసిన ద్రాక్షసారాలో నీళ్ళు కలుపుకుని తాగాడు.
అటుగట్టు చూశాడు.
మళ్ళీ చూశాడు.

రోములో ఒక దేవుడుండేవాడట, టెర్మినస్.
కాళ్ళూ చేతులూ లేవు, ఉట్టి గట్టు రాయి.
జూపిటర్‌కి గుడి కట్టేటప్పుడు
మిగతా దేవుళ్ళు మర్యాదగా జరిగి చోటిచ్చారు,
ఈయన కదలనన్నాడు.
చేసేది లేక చుట్టూ గోడలు లేపి
ఆయనకి ఆకాశం కనబడేలా
కప్పులో కన్నం వదిలారు.
ఫిబ్రవరిలో ఆయన పండగ:
ఇటు పొలంవాడూ అటు పొలంవాడూ వచ్చి
రాయికి చెరో దండ వేసేవాళ్ళు.

ఇక్కడ ఆ రాయి ఏది?
ఇక్కడ సరిహద్దు పారుతుంది.
ఫిబ్రవరిలో డాన్యూబ్ గడ్డకడితే
సరిహద్దే బాట.
దండ ఎక్కడ వేసేవాడో బితుస్ కొడుకు.

మా అమ్మ అటుగట్టు మనిషి, వియోరికా.
సెప్టెంబరులో, చంద్రుడు లేని రాత్రి
ఒంటికి బాతు కొవ్వు పూసుకుని ఈదింది.
పళ్ళ మధ్య తాడు,
తాడు చివర ప్లాస్టిక్ సంచి,
సంచిలో తన పుట్టుక రాసిన కాగితం.
వెనక నుంచి లైటు మూడుసార్లు నీళ్ళని వెతికింది.
ఆ లైటు వెనకున్నవాడూ
బూట్లకి కోత పడిన కుర్రాడే అయి ఉంటాడు.
అమ్మ వాణ్ణి తిట్టగా నేను వినలేదు.
ఇటుగట్టున చేపల పడవలో ఒక ముసలాయన
మాటా పలుకూ లేకుండా తన కోటు విసిరాడు.
సాక్షి అంటే ఆయనొక్కడే.
పేరు అడగలేదే అని
పోయిన ఏడాది, మంచం మీద కూడా అనుకుంది.

ఆ కాగితం పిండి డబ్బాలో దాచేది.
అవసరం తీరి నలభై ఏళ్ళయినా పారెయ్యలేదు.
మడతల్లో ఇప్పటికీ పిండి.

జియా మునిమనవరాలో, ఆ ఇంటికొచ్చిన కోడలో
ఈ రేకుని అటూ ఇటూ తిప్పి చూసి ఉంటుంది.
అప్పటికి అందరూ పౌరులే,
రుజువు చూపించమనే నాథుడు లేడు.
ఆమె మీద నాకు మొదట కోపమే వచ్చింది.
తర్వాత మసి చూశాను, ఎంత మందమో!
ఎన్నేళ్ళ వంటో!
బార్లీ జావ ఉడుకుతుంటే
ఆవిరికి ఎగిరెగిరి పడుతూ
టకటకలాడిన పౌరసత్వం.

రిజిస్టరులో వస్తువు పేరు రాసే గడి ఒకటుంది.
సైనిక పత్రం అని రాశాను.
కొట్టేసి మూత అన్నాను.
అదీ కొట్టేశాను.

రాడిసావ్ మళ్ళీ వచ్చి అడిగాడు,
ఏమైనా విలువ చేస్తుందా అని.
చేపలు బాగున్నాయన్నాను.